తేలని సంగతితో బతకడం ఎలా

మా ఇంట్లో లెక్కలు ఒడియాలో, ఏడుపు తెలుగులో. నేను పుట్టింది పర్లాకిమిడి, కాపురం బరంపురం, రెండూ ఒడిశాలోనివే, చదువంతా ఒడియా మీడియం. అందుకని ఇప్పటికీ కూరగాయల బేరం దగ్గర మనసులో ఎక్కాలు ఒడియాలోనే నడుస్తాయి, ఒంట్లో బాలేనప్పుడు మాత్రం ఒక్క ఒడియా ముక్క కూడా నోటికి రాదు. మా ఊరి పక్కనే, ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్తే ఒరిస్సావాళ్ళు వచ్చారంటారు. ఇక్కడ పక్కింటివాళ్ళు, ప్రేమగానే లెండి, తెలెంగా అంటారు. మీరు అసలు ఎటు అని అడిగినవాళ్ళకి చిన్నప్పుడు ఏదో ఒక జవాబు చెప్పి తీరాలని తెగ తాపత్రయపడేదాన్ని. యాభై దాటాక టీ పోసి కూర్చోబెడుతున్నాను.

ఆ ప్రశ్న సులువైనదే. కష్టమైనది నాన్న పోయాక వచ్చింది. వీధి గది నీకేనమ్మా అని నాన్న నోటితో అన్నాడు, కాయితం మీద పెట్టలేదు. తమ్ముడు ఆ గది టైలరు షాపుకి అద్దెకిచ్చాడు, నాతో ఒక్క మాట అనకుండా. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది, అమ్మకి మతిమరుపు జబ్బు, ఒక్కోసారి నన్ను తన చెల్లెలనుకుంటుంది. ఇప్పుడు చెప్పండి, తమ్ముడు మంచివాడా చెడ్డవాడా? మూడేళ్ళపాటు నేను ఈ ఒక్క తీర్పు కోసం బుర్ర పాడుచేసుకున్నాను. స్నానాల గదిలో వాడితో వాదించేదాన్ని, ప్రతిసారీ గెలిచేదాన్ని, బయటికొచ్చి తల తుడుచుకునేసరికి మళ్ళీ మొదలు.

కొన్ని సంగతులు తేలవు. మనకి తెలివి లేక కాదు, వాటి స్వభావమే అంత. కొరాపుట్ జిల్లా అంచున కొఠియా గ్రామాలున్నాయి, అవి ఒడిశావా ఆంధ్రావా అన్న తగాదా 1968లోనే సుప్రీం కోర్టుకెక్కింది, ఇవాళ్టికీ తెగలేదు. అక్కడివాళ్ళలో చాలామందికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. కేసు తేలలేదని వాళ్ళు చోళ్ళు విత్తడం ఆపలేదు. నేను నేర్చుకున్న పద్ధతి అంతా దాదాపు ఇదే, తీర్పు కోసం ఆగకుండా విత్తుకోవడం. కాకపోతే దానికి కాస్త సాధన కావాలి, కొన్ని పనులు వరసగా చెయ్యాలి. నేను స్వామీజీని కాను, డాక్టర్ని కాను, పిల్లలకి ట్యూషన్లు చెప్పుకునే మనిషిని. నాకు పనికొచ్చింది చెబుతున్నాను, మీకు పనికొచ్చినంత తీసుకోండి.

మొదట మూడు కుప్పలు

రూళ్ళ నోటు పుస్తకం ఒకటి తెచ్చుకోండి. డైరీ వద్దు. డైరీలో తేదీలుంటాయి, ఒక రోజు మానితే ఖాళీ పేజీ మన మొహం మీద కొట్టినట్టుంటుంది. పది నిమిషాలు కూర్చుని, మిమ్మల్ని తొలుస్తున్నవన్నీ రాసెయ్యండి, వరస అక్కర్లేదు, దస్తూరీ అక్కర్లేదు. గ్యాస్ బుకింగ్ దగ్గర్నుంచి దేవుడున్నాడా లేదా వరకు ఏదైనా సరే.

తర్వాత ప్రతి దాని పక్కనా ఒక గుర్తు పెట్టండి. మొదటి కుప్ప పనులు. పొలం పట్టా పేరు మార్పించుకోలేదు, పంటికి డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, వదిన దగ్గర తీసుకున్న నాలుగు వేలు ఇవ్వలేదు. ఇవి లోతైన విషయాల వేషం వేసుకుని తిరుగుతాయి గానీ నిజానికి బద్ధకం, అంతే. నా జాబితాలో పద్నాలుగు ఉంటే ఎనిమిది ఈ కుప్పలోకే పోయాయి, సిగ్గేసింది. రేపు ఒకటి, ఎల్లుండి ఒకటి కానిచ్చెయ్యండి.

రెండో కుప్ప హాని. ఇక్కడ జాగ్రత్త, ఎందుకంటే నేను చెప్పబోయే పద్ధతిని తప్పుగా వాడేది ఇక్కడే. కొట్టే మొగుడు అర్థంకాని మనిషి కాడు, కొట్టే మొగుడు. వాడిలో రెండు పార్శ్వాలు చూసి పొంగిపోనక్కర్లేదు. ముందు అక్కడినుంచి బయటపడాలి, మహిళల సాయానికి 181, అత్యవసరమైతే 112. అలాగే వారాల తరబడి నిద్ర లేకుండా, తిండి సహించకుండా, చచ్చిపోతే బావుండునన్న ఆలోచన తిరుగుతూ ఉంటే దాన్ని నోటు పుస్తకంలో రాసుకుని కూర్చోకండి. టెలి మానస్ అని ప్రభుత్వానిదే ఫోన్ సాయం ఉంది, 14416, డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు, భాష ఎంచుకోవచ్చు. మా పెద్దవాళ్ళు "అన్నీ భరించాలమ్మా" అని ఈ రెండో కుప్పని కూడా మూడో కుప్పలో కలిపేసేవాళ్ళు, ఆ మాట విని బతుకులు పాడైనవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

మిగిలినవే మూడో కుప్ప. ఎంత పనిచేసినా తేలనివి, అలాగని పారిపోవాల్సినవీ కానివి. నాకు నాలుగు మిగిలాయి. మీకు ఒకటో రెండో ఉంటాయేమో, అందులోంచి ఒక్కటి తీసుకోండి. పెద్దది వద్దు, మొదటిసారికి మధ్యరకంది చాలు. నేను తెలివి ఎక్కువై ఏకంగా అమ్మ జబ్బు తీసుకున్నాను, రెండు రోజులు ఏడ్చి పుస్తకం బీరువాలో పడేశాను, నెల్లాళ్ళ తర్వాత తమ్ముడితో మొదలుపెట్టాను.

"కానీ" తీసేసి "ఊ" పెట్టండి

ఇది అన్నింటికన్నా ముఖ్యమైన మెట్టు, ఇంకేదీ చెయ్యకపోయినా ఇది చెయ్యండి.

మీరు తీసుకున్న సంగతి గురించి ఒక వాక్యం రాయండి. నూటికి తొంభై సార్లు మధ్యలో "కానీ" వస్తుంది, చూసుకోండి. "తమ్ముడు అమ్మని బాగా చూసుకుంటాడు కానీ నన్ను మోసం చేశాడు." ఈ కానీ ఏం చేస్తుందంటే, తన ముందున్నదాన్ని తుడిచేస్తుంది. మీరు వాక్యం పూర్తిచేసేసరికి చేతిలో మోసం ఒక్కటే మిగులుతుంది. తిరగేసి రాస్తే, "మోసం చేశాడు కానీ అమ్మని బాగా చూసుకుంటాడు", అప్పుడు మోసం మాయమై మీరు నోరు మూసుకోవాల్సిన మనిషి అవుతారు. రెండూ అబద్ధమే. ఒక కన్ను మూసుకుని చూసినట్టు.

మన తెలుగులో దీనికో మంచి సాధనం ఉంది, మనం రోజూ వాడుతూ గమనించం. మాట చివర సాగదీసే దీర్ఘం. రామూ, కృష్ణూ వచ్చారు అన్నప్పుడు వచ్చేదే. దాన్ని ఇక్కడ వాడండి. "తమ్ముడు అమ్మని చూసుకుంటున్నాడూ, నన్ను మోసం చేశాడూ." మొదట్లో వెర్రిగా ఉంటుంది, వ్యాకరణం పుస్తకంలో ఉదాహరణలా అనిపిస్తుంది. పైకి చదవండి, గట్టిగా, వంటింట్లో ఎవరూ లేనప్పుడు. రెండు దీర్ఘాలూ ఒకే పొడుగు పలకాలి. ఒకటి పొట్టిగా పలుకుతున్నారంటే అది మీరు ఇంకా ఒప్పుకోనిది అన్నమాట. నాకు "చూసుకుంటున్నాడూ" చాలా రోజులు పొట్టిగానే వచ్చింది.

మా వీధిలో ఒకావిడ భర్త సూరత్‌లో పవర్‌లూమ్‌లో పనిచేస్తాడు. గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్ళినవాళ్ళు లేని వీధి ఉండదేమో అనిపిస్తుంది ఒక్కోసారి. ఏడాదికోసారి వస్తాడు, నెలో నెలన్నరో ఉంటాడు. ఆవిడకి ఈ ఊ సంగతి చెబితే కాసేపు ఆలోచించి, "ఆయనొస్తే సంతోషమూ, వెళ్ళాక హాయీ" అంది. అనేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆ హాయి గురించి తనకి తానే చెప్పుకోలేదట, పాపం అనుకుని. అది చెప్పుకున్నాక ఆయన్ని ప్రేమించడం తగ్గిందా అంటే లేదు, ఈసారి వచ్చినప్పుడు వంటింటి డబ్బాల వరస మార్చొద్దని మొహమాటం లేకుండా చెప్పింది.

రెండు భాషలు వచ్చినవాళ్ళకి ఇంకో లాభం ఉంది. అదే వాక్యం రెండో భాషలో రాయండి. ఒడియాలో మన ఊకి బదులు "బి" ఉంది, రాగ బి అఛి, మాయా బి అఛి, అంటే కోపమూ ఉంది, మమకారమూ ఉంది. ఇక్కడే నాకో వింత తగిలింది. ఒడియాలో రాగ అంటే కోపం. తెలుగులో మనం అనురాగం అంటాం, రాగం తియ్యడం అంటాం, మనకి అది ప్రేమా పాటా. ఒకే సంస్కృతం మాట ఏటికి ఇవతల కోపమైంది, అవతల మమకారమైంది, అసలు మూలంలో దానికి రంగు అనీ, ఎరుపు అనీ అర్థం. తమ్ముడి మీద నాకున్నది సరిగ్గా అదే అనిపించింది, ఏ ఒడ్డు మీద నిలబడి పలికితే ఆ అర్థం వచ్చే మాట. హిందీయో కన్నడమో మరాఠీయో మీకు ఏది వస్తే అందులో రాసి చూడండి, ఒక భాషలో దాక్కున్నది ఇంకో దాంట్లో దొరికిపోతుంది. ఒక్క భాషే వస్తే ఏం ఫరవాలేదు, మీ అమ్మమ్మ ఎలా అనేదో ఆ యాసలో రాయండి.

రోజుకి ఒక్క వాక్యం చాలు, మూడు వారాలు. తక్కువ రోజుల్లో తేలిగ్గా అనిపిస్తే మీరు మొదటి కుప్పలోది తీసుకున్నారేమో చూసుకోండి.

వాళ్ళ నోటితో రాయడం

ఇందులో ఇంకో మనిషి ఉంటే (దాదాపు ఎప్పుడూ ఉంటారు) వాళ్ళ కథ వాళ్ళ నోటితో రాయాలి. "వాడు అనుకుంటాడు" అని కాదు, "నేను" అని. చదివితే వాళ్ళు అవును, ఇదే నేను చెప్పాలనుకున్నది అనేలా ఉండాలి. వెటకారం ఒక్క చుక్క కలిసినా కొట్టేసి మళ్ళీ రాయండి.

నేను నాలుగుసార్లు కొట్టేశాను. ఐదోసారి ఇలా వచ్చింది: "అప్ప నెలకోసారి పళ్ళు పట్టుకుని వస్తుంది, అమ్మ పక్కన ఫోటో తీసుకుంటుంది, వెళ్ళిపోతుంది. రాత్రి రెండింటికి అమ్మని లేపి బాత్రూంకి తీసుకెళ్ళేది నేను. టైలరు ఇచ్చే అద్దె అమ్మ మందులకి సరిపోదు కూడా. ఆ మాట అప్పతో అంటే లెక్క చెప్పినట్టుంటుందని అనలేదు." మా వైపు అక్కని అప్ప అంటాం. ఆ పేజీ రాశాక లేచి ఇల్లంతా తిరిగాను. వాడు ఇవన్నీ నాతో ఎప్పుడూ అనలేదు, నాకు తెలుసన్న సంగతి నాకే తెలియదు.

దీనివల్ల వాడు చేసింది ఒప్పయిపోదు. ఇక్కడే చాలామంది జారిపోతారు, ఎదుటివాళ్ళ బాధ అర్థమైంది గనక నా బాధ చెల్లదు అనుకుంటారు. చెల్లుతుంది. గది గురించి నాతో మాట్లాడాల్సింది, మాట్లాడలేదు, అదీ నిజమే. పక్క పేజీలో మీ కథ కూడా అంతే శ్రద్ధగా రాసి, రెండు పేజీలూ ఎదురెదురుగా ఉండేలా పుస్తకం తెరిచి కాసేపు చూడండి. ఏం తేల్చొద్దు. చూడండి.

మా ఊళ్ళో గిడుగు రామమూర్తి పంతులుగారు ఉండేవారు, వాడుక భాష కోసం పోరాడినాయన, మీరు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆయన పుట్టినరోజునే. పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పుకుంటూ, కొండల్లోని సవరల మాట నేర్చుకోవాలని ఒక సవరని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. కొండలెక్కి తిరిగి జ్వరాలు పడ్డారు, ఆ జ్వరాలకి వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయి. ఆ పని ఎన్ని దశాబ్దాలు పట్టిందో చూడండి, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938కి గానీ అచ్చులోకి రాలేదు. ఇంకొకరి మాట వాళ్ళ నోట్లో ఎలా ఉందో అలా పట్టుకోవడానికి చెవులు పోగొట్టుకున్న మనిషి. మనల్ని ఒక్క పేజీయే రాయమంటున్నాను.

ఆయన కథలో నన్ను ఇంకోటి వదలదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైంది, పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేసి మా ఊరిని అటు కలిపారు. పంతులుగారు ఒప్పుకోలేక, ఎన్నో ఏళ్ళు బతికిన ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. అదే రోజు మా ముత్తాత ఊళ్ళోనే ఉండిపోయాడు, ఆవు ఈనడానికి ఉందనో ఏమో, మా ఇంట్లో ఎవరికీ సరైన కారణం తెలీదు. చిన్నప్పుడు నేను పంతులుగారు వీరుడు, మా ముత్తాత పిరికివాడు అనుకునేదాన్ని. కాలేజీలో ఉండగా తిరగబడి, మా ముత్తాతే గట్టివాడు, పంతులుగారే పారిపోయారు అనేదాన్ని, నోరు తిరిగే వయసు. ఇప్పుడు, ఒకాయన వెళ్ళాడూ, ఒకాయన ఉన్నాడూ.

పదిహేను రోజులు తలుపులు వెయ్యండి

జ్యేష్ఠ పున్నమికి పూరీలో జగన్నాథుడితో సహా విగ్రహాలన్నింటికీ కలిపి 108 కుండల నీళ్ళతో స్నానం చేయిస్తారు. ఆ తర్వాత స్వామికి జ్వరం వస్తుంది. నిజంగా అలాగే అంటారు, జ్వరం. పదిహేను రోజులు దర్శనం ఉండదు, లోపల దైతలనే సేవకులు పళ్ళూ, వేర్ల కషాయాలూ పెడతారు. దీన్నే అనసర అంటారు. దేవుడికే ఒంట్లో బాగోదు, ఎవరికీ కనిపించడు, ఎవరికీ జవాబు చెప్పడు, ఆ తర్వాత లేచి రథం ఎక్కుతాడు. మా చిన్నప్పుడు ఆ రోజుల్లో మామ్మ గుడివైపు చూసి "పడుకోనీ పాపం" అనేది.

మీరు కూడా అలా ఒక పదిహేను రోజులు పెట్టుకోండి. తీసుకున్న సంగతి మీద ఆ పదిహేను రోజులూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. క్యాలెండరులో మొదటి రోజూ చివరి రోజూ గుండ్రంగా చుట్టండి. పుస్తకం బట్టలో చుట్టి పైన పెట్టెయ్యండి. ఎవరైనా అడిగితే "పున్నమి దాటాక చెబుతాను" అనండి. మా వైపు ఈ మాటకి ఎదురు అడిగేవాళ్ళుండరు, మీ వైపు "సంక్రాంతి వెళ్ళాక" అంటారో ఇంకేదైనా అంటారో చూసుకోండి, ఒక తేదీ చెబితే మనుషులు వదిలేస్తారు. ఏదో ఒకటి చెబుతాలే అంటే వదలరు.

ఆ రోజుల్లో ఒంటికి పనికొచ్చేవి చెయ్యండి. త్వరగా తినండి, త్వరగా పడుకోండి, పొద్దున్నే నడవండి. ఇందులో చెప్పడానికి పెద్దగా ఏం లేదు, అందరికీ తెలిసిందే, ఎవరూ చెయ్యనిదే. ఆలోచన వస్తే రానివ్వండి, "చివరి రోజు చూద్దాం" అని చెప్పి కూరలు తరగండి.

కోర్టు వాయిదాలకీ, ఆపరేషన్ సంతకాలకీ, బ్యాంకు గడువులకీ మాత్రం అనసర లేదు, అవి మొదటి కుప్పలోవి.

చివరి రోజు పుస్తకం తీసి పాత వాక్యాలు చదవండి. కొన్ని ఇంకా అలాగే మండుతూ ఉంటాయి. కొన్ని చల్లారిపోయి, దీనికా ఇంత గోల చేశాను అనిపిస్తుంది. మండేవాటికి ఇప్పుడు ఒక చిన్న పని కట్టండి, తీర్పు కాదు, పని. నేను ఆ రోజు తమ్ముడికి అమ్మ మందులకి నెలకి ఇంత పంపుతానని మెసేజ్ పెట్టాను. గది ఊసెత్తలేదు. వాడు రెండు రోజుల దాకా జవాబివ్వలేదు, ఆ రెండు రోజులూ మళ్ళీ స్నానాల గది వాదన మొదలైంది, దాచడం ఎందుకు. మూడో రోజు "సరే అప్పా" అని వచ్చింది.

జవాబు అడగని దండం

దేవుణ్ణి నమ్మనివాళ్ళు దీన్ని దాటెయ్యొచ్చు, లేదా ఊరికే కూర్చుని ఊపిరి చూసుకోవచ్చు, ఫలితం దగ్గర్లోనే ఉంటుంది.

మనం దండం పెట్టేది ఎక్కువగా తేల్చెయ్యమని. ఈ సంబంధం కుదిర్చెయ్, వాడి బుద్ధి మార్చెయ్. వారంలో ఒక్క రోజైనా అలా ఏదీ అడగకుండా, సంగతిని మాత్రం ఆయన ముందు పెట్టి కూర్చోండి. ఊ వాక్యం చెప్పండి, ఆపెయ్యండి. "అమ్మ ఉందీ, లేదూ." అంతే. దీపం కొండెక్కేదాకా కూర్చోండి, లేచిపోండి.

గీతలో మొదటి అధ్యాయం పేరు అర్జున విషాద యోగం. విషాదానికి కూడా యోగం అని పేరు పెట్టారు, నాకు చాలా ఏళ్ళు ఇది కంటికి ఆనలేదు. ఆ అధ్యాయం రెండో సగంలో దాదాపు అంతా అర్జునుడే మాట్లాడతాడు, చివరికి విల్లు పడేసి రథంలో కూలబడతాడు. కృష్ణుడు ఆ అధ్యాయంలో అనేది ఒకే ఒక్క మాట. పార్థా, ఇక్కడ చేరిన ఈ కురువులందర్నీ చూడు. అంతసేపూ అంతే. ఉపదేశమంతా తర్వాత వస్తుంది, ముందు చూడు అన్నాడు. తాతలూ, గురువులూ, అన్నదమ్ములూ, శత్రువులూ అందరూ ఒకళ్ళే అయిన చోట నిలబెట్టి. మిగతా పదిహేడు అధ్యాయాల సంగతి పండితులు చెబుతారు, నేను ఈ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను.

ఇంకా ఒక్క సంగతి. పూరీ విగ్రహాలకి చేతులు పూర్తిగా ఉండవు కదా. చెక్కేటప్పుడు గడువు దాకా తలుపు తెరవొద్దని శిల్పి అన్నాడనీ, రాజు ఆగలేక తెరిచేశాడనీ, పని అక్కడికక్కడే ఆగిపోయిందనీ కథ. ఆ తర్వాత ఎవరూ పూర్తిచెయ్యలేదు, అలాగే పూజ చేస్తున్నారు. నాకు దండం పెట్టబుద్ధయ్యేది ఆ చేతులకే.

ఎవరితో చెప్పుకోవాలి

ఒక్క మనిషి చాలు. చుట్టాలు వద్దు, వాళ్ళకి పక్షం కావాలి. చెప్పే ముందు షరతు పెట్టండి, "సలహా ఇవ్వకు, నేను చెప్పింది నాకే తిరిగి చెప్పు." నాకు ఆ మనిషి మా వెనకింటి మావుసీ. పొద్దున వడియాలు ఎండబెడుతూ వింటుంది, ఆవిడకి తెలుగు సగం అర్థమవుతుంది, అదే మంచిదైంది, అర్థం కాని సగంలో నేను ఎక్కువ చేసి చెప్పినవన్నీ రాలిపోతాయి. విన్నదంతా ఒడియాలో మూడు ముక్కల్లో తిరిగి చెబుతుంది. మూడు గంటల నా గోడు మూడు ముక్కల్లో వినిపిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మతిమరుపు జబ్బున్నవాళ్ళ ఇంట్లో ఉన్నవాళ్ళకి మాత్రం ఇదొక్కటి ప్రత్యేకంగా చెబుతాను. పాలీన్ బాస్ అని అమెరికాలో ఒకావిడ, యుద్ధంలో కనిపించకుండా పోయిన సైనికుల ఇళ్ళవాళ్ళతో పనిచేసి, ఇలాంటి దుఃఖానికి ఒక పేరు పెట్టింది, తేలని నష్టం అని మనం అనుకోవచ్చు. మనిషి పోయినట్టు తెలిస్తే ఏడుస్తాం, పదకొండో రోజు వస్తుంది, సంవత్సరీకం వస్తుంది. మనిషి ఎదురుగా కూర్చుని మనల్ని గుర్తుపట్టకపోతే ఏడవడానికి తిథి లేదు. ఇది మీ మనసు బలహీనత కాదు, పరిస్థితే అలాంటిది అని ఆవిడ చెప్పేది. నాకది చదివిన రోజు భుజాల మీంచి ఏదో దిగింది. అమ్మ నన్ను చెల్లెలనుకుని పిలిస్తే ఇప్పుడు సరిదిద్దడం లేదు. "ఏటే, ఎప్పుడొచ్చావు?" అంటుంది, ఇప్పుడే అక్కా అంటాను. ఆ కాసేపూ మా పిన్ని గురించి నాకు తెలియని కబుర్లు బోలెడు చెబుతుంది, చెరువులో కడవ పోగొట్టుకున్న సంగతితో సహా.

పని చేస్తోందని ఎలా తెలుస్తుంది

ప్రశాంతత కోసం చూడకండి, అది వచ్చినా ఎక్కువసేపు కూర్చోదు. వేరే గుర్తులుంటాయి. స్నానాల గది వాదనలు తగ్గుతాయి, లేదా వాదనలో ఎదుటివాళ్ళు కూడా ఒకటి రెండు మంచి పాయింట్లు చెప్పడం మొదలుపెడతారు. "ఎప్పుడూ", "అస్సలు" అన్న మాటలు నోట్లోంచి తక్కువ వస్తాయి. మీ తప్పు గురించి ఎవరైనా చెబితే వెంటనే జవాబు రాదు, ఒక క్షణం ఆగుతుంది. మా ఆయన ఈ ఆగడం గమనించి ఒంట్లో బాలేదా అని అడిగాడు.

వెనక్కి కూడా జారతాం. గత ఉగాదికి చుట్టాలందరి ముందు ఎవరో గది సంగతి తీశారు, నేను మొత్తం నేర్చుకున్నదంతా మర్చిపోయి అరిచాను. ఆ రాత్రి పుస్తకంలో "నేర్చుకున్నానూ, అరిచానూ" అని రాసుకుని పడుకున్నాను.

బరంపురంలో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. అమ్మవారు గుడి విడిచి పుట్టింటికి వస్తుందని నమ్మకం, ఆ పుట్టిల్లు నేతవాళ్ళ పెద్ద అయిన దేశిబెహరా పేరున్న వీధిలో, ఆ నేతవాళ్ళ ఇళ్ళలో మాట్లాడేది తెలుగు. ఊరి దేవత ఒడియా ఊరికి తల్లి, తెలుగు వీధికి ఆడపడుచు. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ ఊరంతా పండగే, తర్వాత తిరిగి వెళ్ళిపోతుంది. అక్కడ ఆవిడ పేరున ఏ గదైనా రాసి ఉందా అని ఎవరూ అడగరు.

ఈసారి రథయాత్రకి నేను పర్లాకిమిడి వెళ్తున్నాను, నాలుగు రోజులు. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "రా అప్పా, గది ఊడ్పించి ఉంచుతాను" అన్నాడు. ఏ గది అని నేను అడగలేదు.